కొయ్య ఓడ మోడల్‌కి వెనుక భాగం కట్టడం: కౌంటర్ నుంచి లాంతర్ల దాకా

కడపలో కూర్చుని ఓడలు కట్టడమేంటని మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. తూర్పున కనుమలు దాటి నెల్లూరు జిల్లాలోకి దిగితే గానీ మాకు ఉప్పునీళ్ళు కనబడవు, నిజమే. అయినా మా పడసాలలో మూడు ఓడలున్నాయి. మూడింటికీ ముందు భాగం బాగానే కుదిరింది. వెనుక భాగం, అంటే స్టర్న్, సరిగ్గా కుదిరింది మాత్రం మూడోదానికే.

మొదటి రెండు ఎందుకు చెడ్డాయో చెబితే ఈ పని సగం అర్థమైనట్టే. ప్లాన్‌లో ఉన్న కొలతలు తీసుకుని కిటికీలన్నీ ముందే చేసి పెట్టుకున్నాను. తీరా అమర్చబోతే ఐదో కిటికీ దూరలేదు. ఆకురాయితో ఒకటిన్నర మిల్లీమీటరు అరగదీసి దూర్చాను. ఇప్పటికీ ఎవరైనా ఆ ఓడ ముందు నిలబడితే వాళ్ళ కళ్ళు నేరుగా ఆ కిటికీ మీదకే పోతాయి. పలకలు అంటించేసరికి ఓడ ప్లాన్ నుంచి ఎంతో కొంత పక్కకి జరుగుతుంది. ఆ తేడాలన్నీ వచ్చి చేరేది వెనుక భాగంలోనే. పైగా అక్కడ లంబకోణం అన్నదే ఉండదు కాబట్టి మూలమట్టం పనికిరాదు. అందుకే ఇక్కడి నుంచి ప్లాన్‌ని ఆకారం కోసమే చూడండి, కొలత మాత్రం మీ ఓడ మీద నుంచే తీసుకోండి.

ఈ రాత ఓడ పక్కలకి పలకలు వేయడం పూర్తయినవాళ్ళ కోసం. ఉదాహరణలన్నీ 1:72 స్కేలులో (నిజం ఓడలో 72వ వంతు), పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ ఫ్రిగేట్‌ని (వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌకని) మనసులో పెట్టుకుని ఇస్తున్నాను.

భాగాలు, వాటి పేర్లు

ఓడ అడుగు దూలం చివర నిలువుగా లేచే కొయ్య స్టర్న్ పోస్ట్. దాని నెత్తిన అడ్డంగా పడుకునే దూలం వింగ్ ట్రాన్సమ్. అక్కడి నుంచి వెనక్కీ పైకీ లోతుగా వంగి, ఇంటి చూరులా బయటికి తోసుకొచ్చేది కౌంటర్. దాని పైన కిటికీల వరస ఉంటుంది. కిటికీల మధ్య నిలువు కొయ్యలు స్టర్న్ టింబర్లు. అన్నిటి పైనా చెక్కడాలతో కిరీటంలా ఉండేది టాఫ్‌రైల్. రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన అద్దాల గూళ్ళు క్వార్టర్ గ్యాలరీలు. బయటి నుంచి చూస్తే రాజభవనంలా ఉంటాయి గానీ, చాలా ఓడల్లో ఆ గూడు లోపల ఉండేది కెప్టెన్ గారి మరుగుదొడ్డి.

ఇంకో రెండు వంపులు తెలిసుండాలి. వెనక నుంచి చూస్తే అడ్డగీతలన్నీ మధ్యలో పైకి లేచి అంచుల్లో దిగుతాయి. పై నుంచి చూస్తే మధ్యభాగం వెనక్కి ఉబ్బి, అంచులు ముందుకి తగ్గుతాయి. ఈ రెండూ ఒకేసారి ఉంటాయి. కొత్తవాళ్ళు మొదటిది గమనించి రెండోది మర్చిపోతారు. అప్పుడు ఓడ వెనుక భాగం బీరువా తలుపులా చప్పగా ఉంటుంది.

ఏ ఏడాది ఓడ కడుతున్నారు?

ఒకే ఓడకి జీవితకాలంలో రెండు మూడు రకాల వెనుక భాగాలు ఉండొచ్చు. 1765లో నీళ్ళలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీకి మొదట వెనక వసారాల్లాంటి తెరిచిన గ్యాలరీలుండేవి. 1800 నుంచి 1803 దాకా జరిగిన పెద్ద మరమ్మతులో వాటిని మూసేశారు. బ్రిటన్ ఫ్రెంచి, స్పెయిన్ నౌకాదళాలని ఓడించిన 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో ఉన్నది ఆ మూసిన రూపమే. కాబట్టి తెరిచిన గ్యాలరీలు పెట్టి కింద ట్రఫాల్గర్ అని రాస్తే తప్పు.

మన దేశపు ఓడే కట్టాలనుకుంటే ట్రింకోమలీ ఉంది. బొంబాయిలో వాడియా కుటుంబం టేకుతో కట్టి 1817లో నీళ్ళలోకి దించిన ఫ్రిగేట్ అది, ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నిలిచి ఉంది. దాని కోసం మొదట పంపిన ప్లాన్లు జావా అనే యుద్ధనౌకతో పాటు 1812లో పోతే మళ్ళీ పంపాల్సి వచ్చింది. 1840ల్లో దీని ఫిరంగులు తగ్గించి వెనుక భాగాన్ని కూడా మార్చారు. ఏ రూపం కడుతున్నారో పలక కోయకముందే తేల్చుకోండి.

ఆ మార్పులకి కారణం కూడా మన పనికి ఉపయోగపడుతుంది. ఓడ పక్కలు మందపాటి టేకో, ఓకో. వెనకవైపు మాత్రం అద్దాలు, వాటి మధ్య సన్న కొయ్యలు. ట్రఫాల్గర్‌లో విక్టరీ ఫ్రెంచి ఓడ బుసాంటర్ వెనకగా దాటుతూ కాల్చిన గుండ్లు దాని లోపల పొడవునా దూసుకుపోయాయి. అడ్డుపడే గట్టి గోడ లేదు మరి. తర్వాతి కాలంలో గుండ్రటి, గట్టి వెనుక భాగాలు రావడానికి ఈ బలహీనతే కారణం. మనం పాత తరహా ఓడ కడుతుంటే ఆ సన్నదనం కనబడాలి. కిటికీల మధ్య కొయ్యలు మందంగా పెట్టారంటే అది ఓడలా ఉండదు, బస్టాండులా ఉంటుంది.

చేతికింద ఉండాల్సినవి

మొట్టమొదటిది కడప బండ. వంటింటి గట్టు వేసినప్పుడు మిగిలిన నున్నటి ముక్క, అడుగున్నర పొడవుది చాలు. దాని మీద ఉప్పు కాగితం అంటించుకుంటే ఎంత సన్న పుల్లనైనా చదునుగా రుద్దుకోవచ్చు. తడికి ఉబ్బదు, ఎండకి వంగదు. ఇంతకన్నా మంచి పనిబల్ల నాకు దొరకలేదు.

కొయ్య విషయంలో టేకు మీద మోజు వదులుకోండి. నిజం ఓడకి అది మహారాజు, 1:72లో మాత్రం దాని రంధ్రాలు పగుళ్ళలా కనబడతాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తెల్లగా, సన్న నారతో ఉంటుంది, ఉలికి వెన్నలా లొంగుతుంది. అది దొరక్కపోతే ఐస్‌క్రీం పుల్లల కర్రతో కూడా పని జరుగుతుంది. కడప అనగానే ఎర్రచందనం వాడలేదా అని అడుగుతారు. వాడలేదు, వాడకూడదు. గోరంత ముక్క అయినా కాగితాలు లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసే.

పనిముట్లలో సగం కంసాలి పనిముట్లే: సన్న రంపం, ఆకురాళ్ళు, శ్రావణం. వాటికి మాకు ప్రొద్దుటూరు దగ్గర. జిగురుకి మామూలు తెల్ల ఫెవికాల్. ఫెవిక్విక్ తొందరగా పట్టేస్తుంది గానీ, దాని ఆవిరి తగిలితే పారదర్శక షీటు మీద తెల్లటి మసక కమ్ముతుంది. కిటికీల దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

ఇంకో మాట, మా ఎండల గురించి. రోహిణి కార్తెలో కొయ్య ఎండి చిక్కిపోతుంది, వానలు మొదలయ్యాక ఉబ్బుతుంది. నా మొదటి ఓడకి మేలో అంటించిన కుడి గ్యాలరీ అక్టోబరు వానలకి పెచ్చులా లేచింది. కోసిన పుల్లలు రెండు వారాలైనా ఓడ ఉన్న గదిలోనే ఉంచి, ఆ తర్వాత వాడండి.

మధ్యగీత, టింబర్లు, కౌంటర్

ఓడని తిరగేసి, అడుగు దూలం మధ్య నుంచి స్టర్న్ పోస్ట్ మీదుగా పైదాకా ఒక నల్ల దారం లాగి కట్టండి. ఆ దారం నీడలో సన్న పెన్సిల్‌తో మధ్యగీత గీయండి. పని ముగిసేదాకా ఈ గీత చెరగకూడదు. కుడివైపు తీసుకునే ప్రతి కొలతా ఎడమవైపు కూడా ఈ గీత నుంచే తీసుకోవాలి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి కొలవడం మొదలుపెట్టారంటే పొరపాట్లు కూడుకుంటూ పోతాయి.

స్టర్న్ టింబర్లు నిలబెట్టేటప్పుడు మధ్యవి రెండూ ముందు, అంచువి రెండూ తర్వాత, మిగిలినవి చివర. పక్క నుంచి చూస్తే అన్నీ ఒకే వాలులో వెనక్కి వాలాలి. వెనక నుంచి చూస్తే మధ్యవి దాదాపు నిటారుగా, అంచుకి పోయేకొద్దీ తలలు లోపలికి వంచినట్టు ఉండాలి. ఓడ పక్కలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి కదా, అంచు టింబర్ ఆ వాలునే అనుసరిస్తుంది.

కౌంటర్ పలకలు అడ్డంగా వేయాలి. రెండు వైపులా వంపు కాబట్టి పొడిగా వంచితే విరుగుతాయి. వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, స్టీలు గ్లాసుకి రబ్బరు బ్యాండుతో కట్టి ఒక రాత్రి వదిలేయండి. మొదటి పలక వింగ్ ట్రాన్సమ్ అంచుకి ఆనుకోవాలి. ఆ అంచు సరిగ్గా ఉంటే మిగిలినవి ఒకదాని వెంట ఒకటి పడతాయి. మధ్యలో చుక్కాని తల దూరే రంధ్రం ఇప్పుడే వదలండి. తర్వాత బర్మాతో తొలిస్తే పలకలు చీలతాయి.

కిటికీలు

నిదానంగా చేయాల్సిన పని ఇది. ఈ కిటికీలు దీర్ఘచతురస్రాలు కావు. మధ్యది పైకి కొంచెం సన్నబడుతుంది, పక్కవి లోపలికి వాలతాయి, అంచువి ఇంకా ఎక్కువ వాలతాయి. ఒక్కో కిటికీని విడిగా లెక్కేస్తే మతి పోతుంది. దారంతో చేసే ఉపాయం ఒకటుంది.

మీ ఓడ మీద, కిటికీల కింది అంచు దగ్గర, ఒక అంచు టింబర్ మధ్య నుంచి రెండో అంచు టింబర్ మధ్యకి కాగితపు పట్టీతో కొలవండి. పై అంచు దగ్గర కూడా అలాగే. నా ఓడకి కింద 90 మిల్లీమీటర్లు, పైన 84, ఎత్తు 18 వచ్చింది. ఐదు కిటికీలకి ఆరు టింబర్లు. అంటే టింబర్ మధ్య నుంచి టింబర్ మధ్యకి కింద 18, పైన 16.8. టింబర్ వెడల్పు 4 తీసేస్తే కిటికీ సందు కింద 14, పైన 12.8.

ఇప్పుడు ఈ గీతలన్నీ పైకి పొడిగిస్తే ఎక్కడ కలుస్తాయి? 18 మిల్లీమీటర్ల ఎత్తులో వెడల్పు 6 తగ్గింది. 90 మొత్తం తగ్గాలంటే 270 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. పెద్ద కాగితం మీద మధ్యగీత గీసి, కిటికీల కింది అంచు నుంచి 270 దగ్గర గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టండి. కింది అంచు మీద 18కి ఒకటి చొప్పున పెట్టిన గుర్తుల మీదుగా దారం లాగితే ప్రతి టింబర్ వాలూ అదే చెబుతుంది. మీ కొలతలు వేరైతే గుండుసూది చోటు కూడా మారుతుంది, లెక్క మాత్రం ఇదే. ఆ కాగితాన్ని ఓడకి ఆనించి చూడండి. ఉబ్బు వల్ల వెంట్రుకవాసి తేడా వస్తుంది, అది పర్వాలేదు. టింబర్లలో ఒకటి గీత దాటి ఉంటే ఇప్పుడే సరిచేయండి.

చట్రాలు ఆ కాగితం మీదే కట్టాలి. బండ మీద కాగితం పరిచి, పైన పారదర్శక టేపు వేసి, 0.8 మిల్లీమీటర్ల పుల్లలు గీతల మీద పేర్చి ఫెవికాల్ చుక్కలతో అతికించండి. నిలువు పుల్లలు కూడా ఆ 270 చుక్క వైపే చూడాలి. అడ్డపుల్లలు కింది అంచు వంపుతో సమానంగా పోవాలి. ఆరాక తిరగేసి ఉప్పు కాగితం మీద రెండు రుద్దులు, అంతే. ప్రతి చట్రం వెనకా నంబరు రాయడం మరిచిపోవద్దు. రెండోది, నాలుగోది అద్దంలో బింబాల్లా ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

అద్దాలకి పాత ఓహెచ్‌పీ షీటు చాలు. పాతకాలపు మోడళ్ళలో అభ్రకం వాడేవాళ్ళు. గూడూరు వైపు బంధువులుంటే ఒక రేకు తెప్పించుకోండి. సూదితో పొరలు విడదీస్తే ఉల్లిపొరంత సన్నగా వస్తుంది, దానికున్న లేత పొగరంగు ప్లాస్టిక్‌కి ఎన్నటికీ రాదు. లోపలి గోడకి ముదురు నీలం కలిపిన నలుపు వేయండి. వట్టి నలుపు వేస్తే కిటికీలు కన్నాల్లా కనబడతాయి.

క్వార్టర్ గ్యాలరీలు

వెనక కిటికీలు పైకి సన్నబడితే, పక్క గూళ్ళ కిటికీలు ఒకవైపుకి ఒరుగుతాయి. వాటి నిలువు అంచులు స్టర్న్ టింబర్ల వాలుని అనుసరిస్తాయి. అడ్డ అంచులు ఓడ పక్కన సాగే పట్టీల వంపుని అనుసరించి వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తాయి. చూడ్డానికి ఎవరో తోస్తే ఒరిగినట్టు ఉంటుంది. తప్పు చేశామనుకుని నిటారుగా దిద్దేసినవాళ్ళున్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కట్టే పద్ధతి అలమర కట్టినట్టే. ముందు మూడు అడ్డపలకలు కావాలి: కిటికీల కింద ఒకటి, పైన ఒకటి, అడుగున చిన్నది ఒకటి. లోపలి అంచు ఓడ పక్కకి అతుక్కోవాలి కాబట్టి అట్టముక్కని కొంచెం కొంచెం కత్తిరిస్తూ, సందు లేకుండా ఆనేదాకా దిద్దండి. అట్ట కుదిరాకే కొయ్య. కుడి ఎడమల పలకలు రెండింటినీ రెండువైపులా అంటుకునే టేపుతో కలిపి ఒకేసారి రుద్దితే బయటి వంపు సమానంగా వస్తుంది. ఓడ రెండు పక్కలూ మాత్రం సమానంగా ఉండవు. అందుకని లోపలి అంచుని విడదీశాక విడివిడిగా దిద్దుకోవాలి.

పలకలు అతికించే ముందు టేపుతో నిలిపి, సరిగ్గా వెనక నుంచి ఫోన్‌లో ఫొటో తీయండి. ఆ ఫొటోని అద్దంలో బింబంలా కుడి ఎడమలు మారేటట్టు తిప్పి, మొదటిదాని పక్కన పెట్టి చూడండి. అలవాటుపడ్డ కన్ను దాటేసిన తేడా తిప్పిన ఫొటోలో పట్టుబడుతుంది. నేను మూడోసారి ఈ పని చేసినప్పుడు ఎడమ గూడు రెండు మిల్లీమీటర్లు కిందికి ఉందని తేలింది.

కిటికీలు పెట్టాక పైకప్పుని ఒకే కొయ్యముద్దలో చెక్కండి. అడుగున వేలాడే మొగ్గలాంటి భాగానికి రెండు మిల్లీమీటర్ల పలకలు దొంతరగా అతికించి రుద్దితే, జిగురు గీతలే కొలతగీతల్లా పనిచేస్తాయి.

టాఫ్‌రైల్, చెక్కడాలు

చెక్కడాలు ఎన్ని అన్నది కాలాన్ని బట్టి. 1628లో స్టాక్‌హోమ్ రేవులోనే మునిగి, 1961లో పైకొచ్చిన స్వీడన్ యుద్ధనౌక వాసా వెనుక భాగం గుడి గోపురంలా బొమ్మలతో నిండి ఉంటుంది. ఇంగ్లండ్ నౌకాదళం 1703లో ఈ ఖర్చుకి కోత పెట్టింది. ఆ తర్వాతి ఫ్రిగేట్లకి నాలుగు తీగలు, ఒకటి రెండు బొమ్మలు చాలు.

కొయ్య చెక్కే చెయ్యి లేకపోతే సిగ్గుపడాల్సిన పనిలేదు, ఎంసీల్ ఉంది. సన్న తీగలా చుట్టి, టాఫ్‌రైల్ పలక మీద అమర్చి, తడి సూదితో ఆకులు తీర్చాలి. ఆకుల మధ్య చుక్కలకీ అరచంద్రాలకీ నేను వాడేది తోలుబొమ్మలవాళ్ళ సన్న ఉలులు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలు మీద నగల చుక్కలు తొలిచేవి అవే. పలకకి అతికించాక చెక్కడం మొదలుపెట్టొద్దు, బండ మీదే ముగించి ఆ తర్వాత ఓడకి ఎక్కించండి.

చుక్కాని

చుక్కానిని ఒకే పలకలో కోసేసి రంగు వేస్తే దూరం నుంచి బాగానే ఉంటుంది, దగ్గరికొస్తే పప్పుగుత్తి. నిజం చుక్కాని మూడు నాలుగు నిలువు కొయ్యల కూర్పు, ఆ అతుకులు కనబడాలి. ముందు అంచు 5 మిల్లీమీటర్లుంటే వెనక అంచు మూడున్నరకి సన్నబడాలి. పక్క నుంచి చూస్తే కింద వెడల్పు, పైన సన్నం. అడుగు అంచు ఓడ అడుగు దూలం కన్నా వెంట్రుకవాసి పైనే ఆగాలి. అదే కిందికి దిగి ఉంటే, ఓడ నేలకి తగిలినప్పుడు మొదటి దెబ్బ దానికే పడి బందులు ఊడిపోతాయి. ముందు అంచుని రెండువైపులా ఏటవాలుగా చెక్కాలి. అలా చెక్కకపోతే అది పక్కకి తిరగదు.

బందులు మన పొలం గేటు బందుల్లాంటివే. స్టర్న్ పోస్ట్‌కి వలయాలు, చుక్కానికి కిందికి దిగే కొక్కేలు. పై నుంచి దించితే కూర్చుంటాయి. అలా దించాలంటే చుక్కానిని ముందు కొంచెం పైకెత్తాలి కదా, అందుకే ప్రతి కొక్కెం కిందా చుక్కాని అంచులో ఒక గంటు ఉంటుంది. ఈ గంట్లు లేని మోడళ్ళు ఎన్ని చూశానో.

ఇత్తడి రేకుని రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా కత్తిరించి, స్టర్న్ పోస్ట్ చుట్టూ వంచి, మడతలో సన్న గొట్టం ముక్క పెట్టి టంకం వేయాలి. వెలిగారం, ఊదుగొట్టం అలవాటు లేనివాళ్ళు కంసాలికి ఇవ్వడం మేలు. నేను ప్రొద్దుటూరులో ఇచ్చినప్పుడు ఆయన వలయాన్ని వెలుతురుకి పట్టి చూసి, “ఏందన్నా ఇంత సన్నది, ఏ చిలక ముక్కుకి?” అన్నాడు. ఐదూ ఒకే పూటలో చేసిచ్చాడు, కూలి మాత్రం ముక్కుపుడక లెక్కనే తీసుకున్నాడు.

ముందు వలయాలన్నీ స్టర్న్ పోస్ట్‌కి బిగించి, వాటిగుండా ఒకే తీగ దూర్చి చూడండి. తీగ వంకర పోకుండా దిగితేనే మిగతా పని. పట్టీల మీద మేకుతలలకి గుండుసూది మొన అవతలి వైపు నుంచి నొక్కితే చాలు, చిన్న బుడిపెలు లేస్తాయి.

పట్టీలకి నల్లరంగు వేయాలా? అది కూడా కాలాన్ని బట్టే. 1761లో అలారం అనే ఫ్రిగేట్ అడుగుకి రాగిరేకు తొడిగారు. కొన్నేళ్ళకి చూస్తే రాగి పక్కనున్న ఇనుప మేకులు ఉప్పునీళ్ళలో తినేసుకుపోయి ఉన్నాయి. ఆ పాఠంతో రాగి తొడిగిన ఓడలకి నీటి కింద కంచు బిగింపులు వచ్చాయి. మీ ఓడకి రాగి అడుగు ఉంటే ఇత్తడిని అలాగే వదిలేయండి. రాగికి ముందు కాలానిదైతే నలుపు.

చుక్కాని తల కౌంటర్‌లోకి దూరే చోట నీళ్ళు చిమ్మకుండా తారు పూసిన గుడ్డ తొడుగు ఉండేది. పాత పంచె ముక్కని ఫెవికాల్ నీళ్ళలో ముంచి ముడతలు పెట్టి కట్టండి, ఆరాక ముదురు గోధుమరంగు వేయండి.

రంగు, పేరు, లాంతర్లు

రంగులు విడిభాగాలుగా ఉన్నప్పుడే వేయాలి. కౌంటర్‌కి నలుపు, చట్రాలకి తెలుపు, చెక్కడాలకి పసుపు మట్టిరంగు. బంగారు రంగు డబ్బా జోలికి పోవద్దు. ఈ స్కేలులో అది పెళ్ళిపందిరిలా మెరుస్తుంది, పైగా నిజం ఓడల మీద కూడా చాలాచోట్ల బంగారం బదులు పసుపే వేసేవాళ్ళు. పేరు కౌంటర్ మీద, మధ్యగీత నుంచి రెండువైపులకీ అక్షరాలు లెక్కపెట్టుకుని రాయాలి.

లాంతరుకి ఆరు పలకల కొయ్యముక్క చెక్కి, దాని చుట్టూ ఇత్తడి తీగతో చట్రం కట్టి, కొయ్యని లాగేయండి. అడుగు సన్నం, భుజాలు వెడల్పు. అద్దాలకి గాజు వద్దు. పాతకాలంలో లాంతర్లకి పలచగా గీసిన కొమ్మురేకులు కూడా వాడేవాళ్ళు. ఆ పాలపసుపు రంగు నాకు తోలుబొమ్మల మేకతోలు తునకల్లో దొరికింది. వెనక చిన్న ఎల్ఈడీ పెడితే దీపం ముందు బొమ్మ నిలబడ్డట్టే వెలుగుతుంది.

అయితే లాంతర్లని ఇప్పుడే టాఫ్‌రైల్‌కి అంటించకండి. తెరచాప కొయ్యలు, తాళ్ళు కట్టే పని ఇంకా మిగిలుంది, చొక్కా చెయ్యి తగిలి మొదట విరిగేవి ఇవే. అగ్గిపెట్టెలో దూది పెట్టి దాచి, చివరి తాడు కట్టిన రోజు తీయండి.